కొచ్చి రేవు: చేతులు మారిన కట్టడాలు

(కళాశాల చరిత్ర విద్యార్థులు విజ్ఞానయాత్రకు బయలుదేరే ముందు చేసిన ప్రసంగ పాఠం)



మరికొద్ది రోజులలో మీరు కొచ్చి నగరాన్ని దర్శించబోతున్నారు. అక్కడ చూడదగిన మ్యూజియంలు, స్మారక కట్టడాలు ఏవో ఒక పట్టీ తయారుచేసి ఇవ్వవలసిందని మీ అధ్యాపకులు నన్ను కోరారు. పట్టీ రాయడానికే కూర్చున్నాను. పదిహేను పేర్లు రాసేసరికి నాకే విసుగు పుట్టింది. అటువంటి పట్టీని చేతపట్టుకొని ఒకప్పుడు భంగపడినవాణ్ణి నేను. ముందుగా ఆ సంగతి మనవి చేస్తాను.

చాలా ఏళ్ళ క్రితం నలభై మంది విద్యార్థులను వెంటబెట్టుకొని మొదటిసారి మట్టాంచేరి చేరుకున్నాను. మట్టాంచేరి అంటే పాత కొచ్చిలోని వర్తకుల పేట. ఆనాడు శుక్రవారం. అక్కడి రాజభవన మ్యూజియానికి శుక్రవారం సెలవు. పక్కనే ఉన్న యూదుల ప్రార్థనాలయానికి వెళితే దాని తలుపులూ మూసి ఉన్నాయి. శుక్రవారం సూర్యాస్తమయంతో వారి విశ్రాంతి దినం ప్రారంభమవుతుంది గనుక మధ్యాహ్నం నుంచే సందర్శకులను అనుమతించరు. శనివారం అసలే అనుమతించరు. మాకు ఆ మరునాడు ఉదయమే తిరుగు రైలు. విద్యార్థులు ఏమీ అనలేదు గాని వారి చూపులు నాకు నేటికీ జ్ఞాపకమే.

మిరియాలు, శొంఠి నిల్వ చేసే గిడ్డంగుల నడుమ వీధిలో దిక్కుతోచక నిలబడి ఉండగా ఒక వృద్ధ వర్తకుడు మమ్ములను చూసి, ఏ ప్రాంతంవారని హిందీలో ప్రశ్నించాడు. ఆంధ్రదేశం నుంచి వచ్చామన్నాను. "అయితే మా దేవుడి ఊరివారే!" అంటూ నవ్వి, దుకాణం కుర్రవాడికి అప్పగించి, మమ్ములను చెర్లాయి ప్రాంతంలోని ఒక పెద్ద ఆలయానికి తీసుకువెళ్ళాడు. అది తిరుమల దేవస్వం. అందులోని మూర్తి వేంకటేశ్వరస్వామి. ఆ వర్తకుని పూర్వులు గోవా నుంచి వచ్చిన గౌడ సారస్వతులు. ఇంటిలో కొంకణి మాట్లాడతారు. కూలీలతో మలయాళం, ఎదుటి దుకాణంవారితో గుజరాతీ, మాతో హిందీ. ఒక గంట వ్యవధిలో ఆయన నాలుగు భాషలు మాట్లాడడం విన్నాము. గోవాలో పోర్చుగీసువారి మతపరమైన నిర్బంధాలకు తాళలేక 16వ శతాబ్దంలో వీరిలో అనేకులు ఓడలపై దక్షిణానికి తరలివచ్చారు. చిత్రమేమంటే, వారికి ఆశ్రయం లభించిన కొచ్చి రాజ్యం అదే పోర్చుగీసువారికి మిత్రరాజ్యం! మూసిన తలుపుల ముందు నేను పోగొట్టుకున్నదానికంటె ఆ గంటలో నేర్చుకున్నదే ఎక్కువ అని తరువాత గ్రహించాను.

అందుచేత పట్టీకి బదులు మూడు ప్రశ్నలు ఇస్తాను. మీరు చూసే ప్రతి కట్టడం ఎదుట నిలబడి వాటిని వేసుకోండి. దీనిని ఎవరు కట్టారు? తరువాత ఎవరి చేతిలోకి పోయింది? ఈనాడు దీనిని తుడిచి, దీపం పెట్టి, కప్పు బాగుచేయిస్తున్నవారు ఎవరు? కొచ్చిలో ఈ మూడు ప్రశ్నలకు ఒకే జవాబు రావడం బహు అరుదు.

కొచ్చి రేవు పుట్టుక కూడ ఇట్టిదే. ప్రాచీన కాలంలో ఆ తీరాన ప్రసిద్ధి పొందిన రేవు ముజిరిస్. రోము నగరానికి మిరియాలు తరలిన రేవు అది. నేటి కొడుంగల్లూరు పరిసరాలలో ఉండేదని పండితుల అభిప్రాయం. 2007 నుంచి పట్టణం అనే గ్రామంలో జరిగిన తవ్వకాలలో మధ్యధరా దేశాల నుంచి వచ్చిన మద్యపు జాడీల పెంకులు లభించాయి. ఆ గ్రామం పేరు నిజంగానే పట్టణం. మన చెవికి అది వింతగా వినిపించదు. 1341లో పెరియారు నదికి మహత్తరమైన వరద వచ్చింది. పాత రేవు పూడిపోగా, దక్షిణాన సముద్రపు ముఖం విచ్చుకొని కొచ్చి రేవుగా రూపొందింది. ఒక రేవు మృతి మరొక రేవు జననం. వర్తకులు, వారి వెంట వారి దేవుళ్ళు, పండుగలు, వంటపాత్రలు సైతం కొత్త రేవుకు తరలాయి.

వంటపాత్రలని ఊరకనే అనలేదు. మలయాళీల ఇళ్ళలో బాణలిని చీనచట్టి అంటారు, ఊరగాయ జాడీని చీనభరణి అంటారు. కోట కొచ్చి ఒడ్డున పెద్ద పెద్ద గడలతో వంగి లేచే వలలను చీనవల అంటారు. రాళ్ళను తాళ్ళకు కట్టి బరువు సరిచూసి, నలుగురైదుగురు మనుషులు కలిసి దించి ఎత్తే ఈ వలలను ఫోటోలలో మీరందరూ చూసే ఉంటారు. చీనా నౌకాధిపతి చెంగ్ హో నావికాదళాలు 15వ శతాబ్దపు తొలి భాగంలో కొచ్చికి వచ్చిన మాట చరిత్ర ప్రసిద్ధం; వలలు వారే తెచ్చారని జనశ్రుతి. కాని వలలోని కొన్ని భాగాల పేర్లు పోర్చుగీసు పదాలను పోలి ఉండడం వలన, చీనా తీరంలోని మకావు నుంచి పోర్చుగీసువారు తెచ్చి ఉండవచ్చునని మరికొందరు వాదిస్తారు. టేకు గడల స్థానంలో కొన్నిటికి ఇప్పుడు ఇనుప గొట్టాలు వచ్చాయి. ఫోటో తీసుకోండి, కాని వల పైకి లేచినపుడు అందులో ఎన్ని చేపలు ఉన్నవో కూడ చూడండి. ఆ మనుషుల జీవనం ఆ చేపలపైన ఆధారపడి ఉన్నది, మన ఫోటోలపైన కాదు.

వలల నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే సెయింట్ ఫ్రాన్సిస్ ఆలయం వస్తుంది. ఇక్కడ మాత్రం తొందరపడవద్దు. 1498లో కోళికోడు ప్రాంతానికి చేరిన వాస్కో డ గామా పేరు మీ పాఠ్యపుస్తకాలలో ఉన్నది. రెండేళ్ళ తరువాత కబ్రాల్ నాయకత్వాన పోర్చుగీసు ఓడలు కొచ్చికి వచ్చాయి. కోళికోడు సామూతిరితో వైరమున్న కొచ్చి రాజు వారికి చోటిచ్చాడు. 1503లో కోట, కోటలో కర్రతో ఒక ప్రార్థనాలయం వెలిసాయి. ఆ కర్ర ఆలయాన్ని తొలగించి కట్టిన రాతి ఆలయం 1516 నాటికి పూర్తయింది. మూడవసారి భారతదేశానికి వచ్చిన వాస్కో డ గామా 1524 డిసెంబరు 24న కొచ్చిలోనే మరణించాడు. ఈ ఆలయంలోనే ఖననం చేశారు. పదునాలుగేళ్ళ తరువాత ఆయన అస్థికలను పోర్చుగల్ దేశానికి తరలించారు. కటకటాల నడుమ ఇప్పుడు మీరు చూసేది ఖాళీ సమాధి.

ఆలయం మాత్రం ఖాళీ కాలేదు. 1663లో డచ్చివారు కొచ్చిని జయించారు. కేథలిక్కుల చర్చీలను చాలవరకు కూలద్రోసి, దీనిని మాత్రం తమ ప్రొటెస్టెంటు ఆరాధనకు ఉంచుకున్నారు. 1795లో కొచ్చి ఆంగ్లేయుల వశమైంది. 1804లో డచ్చివారు ఆలయాన్ని ఆంగ్లికన్ శాఖకు అప్పగించారు. 1947లో దక్షిణ భారత సంఘం ఏర్పడినపుడు ఇది ఆ సంఘంలో చేరింది. 1923 నుంచి ఇది రక్షిత స్మారక కట్టడం కూడ. అంటే ఒకే గోడల మధ్య నాలుగు సంప్రదాయాలు ప్రార్థించాయి. మొదటి రెండు మార్పుల వెనుక ఫిరంగులు ఉన్నాయి. మూడవదాని వెనుక మాత్రం దేశంలోని క్రైస్తవులే వివిధ శాఖల భేదాలు మరచి ఒకటి కావాలన్న సంకల్పం ఉన్నది. ఆదివారం నాడు అక్కడ మలయాళీ కుటుంబాలు కూర్చుని ప్రార్థించడం చూసినపుడు, ఇది వాస్కో డ గామా స్మారకమనే మాట నాకు సగం నిజంగానే తోచింది.

పైకి చూడండి. దూలాలకు పొడవుగా గుడ్డ పంకాలు వేలాడుతుంటాయి. వాటి తాళ్ళు గోడలలోని రంధ్రాల గుండా వెలుపలికి పోతాయి. లోపల దొరలు ప్రార్థన చేస్తుండగా వెలుపల ఎండలో కూర్చున్న మనుషులు ఆ తాళ్ళు లాగేవారు. ఈ ఆలయపు డచ్చి జ్ఞానస్నాన, వివాహ పట్టికలో 1751 నుంచి 1804 వరకు పేర్లు భద్రంగా ఉన్నాయి. తాళ్ళు లాగినవారి పేర్లు ఏ పట్టికలోనూ లేవు. చరిత్ర విద్యార్థులు గమనించవలసిన తేడా ఇది.

అక్కడికి సమీపంలోనే, సముద్రపు ఒడ్డున, డచ్చి శ్మశానవాటిక ఉన్నది. 1724లో ప్రారంభమైంది. ద్వారం సాధారణంగా మూసి ఉంటుంది గనుక ప్రహరీ మీదుగా చూడవలసి రావచ్చు. మన వారికి ఇది కొత్త దృశ్యం కాదు. బందరు కోటలోను, భీమునిపట్నంలోను ఇట్టి డచ్చి సమాధులే ఉన్నాయి. కొచ్చిలో మిరియాలు కొన్న కంపెనీయే 17వ శతాబ్దపు తొలి సంవత్సరాల నుంచి మచిలీపట్నంలో కలంకారీ వస్త్రాలు కొన్నది. బందరు అనే మాటకే రేవు అని అర్థం. కొచ్చి వెళ్ళి డచ్చి సమాధులను చూసి ఆశ్చర్యపడే విద్యార్థి, ఒకసారి బందరు కోటకు కూడ పోయి వస్తే బాగుంటుందని నా విన్నపం.

కోట కొచ్చిలో చూడదగినవి ఇంకా ఉన్నాయి. వాటిని త్వరగా చెబుతాను. శాంతాక్రూజ్ బసిలికా ఇప్పటి రూపం 20వ శతాబ్దారంభానిది. పోర్చుగీసువారి పాత చర్చిని డచ్చివారు ఆయుధాల కొట్టుగా వాడుకోగా ఆంగ్లేయులు కూలగొట్టారు. ఆ పాత చర్చి స్తంభం ఒకటి ఆవరణలో ఉన్నది, వెతికి చూడండి. బిషపు నివాసపు ఆవరణలోని ఇండో-పోర్చుగీసు మ్యూజియంలో పూజాపీఠాలు, వస్త్రాలు, శిల్పాలు ఉన్నాయి. ఆస్పిన్‌వాల్ అనే ఆంగ్ల వర్తకుల పాత గిడ్డంగులు 2012 డిసెంబరులో ఆరంభమైన కొచ్చి-ముజిరిస్ కళాప్రదర్శనకు ముఖ్య వేదిక అయ్యాయి. సరకుల కొట్టు చిత్రశాల కావడం ఈ ఊరి స్వభావానికి తగినదే.

ఇక మట్టాంచేరి. అక్కడి రాజభవనాన్ని డచ్చి ప్యాలెస్ అంటారు. కట్టినవారు డచ్చివారు కారు. పోర్చుగీసువారు 16వ శతాబ్దపు మధ్యభాగంలో కట్టి, వీర కేరళవర్మ రాజుకు కానుకగా ఇచ్చారు. వారి సైనికులు సమీపంలోని ఒక దేవాలయాన్ని దోచినందువల్ల కోపించిన రాజును శాంతింపజేయడానికి ఇచ్చారని చెబుతారు. 1663 తరువాత డచ్చివారు బాగుచేయించారు గనుక వారి పేరు నిలిచింది. వెలుపలి నుంచి చూస్తే తెల్లని గోడల ఐరోపా ఇల్లు. లోపల అడుగు పెడితే కేరళ పద్ధతిలో నడిమి ముంగిలి చుట్టూ నాలుగు వైపులా కట్టిన ఇల్లు. ముంగిలిలో రాజవంశపు కులదేవత పళయన్నూరు భగవతి ఆలయం. పరాయివాడు కట్టిన ఇంటి నడుమ తన దేవతను ప్రతిష్ఠించుకున్న రాజు, ఆ ఇంటిని నిజంగా తనదిగా చేసుకున్నాడనిపిస్తుంది.

ఆ భవనంలో పల్లకీలు, రాజుల చిత్తరువులు, ఖడ్గాలు ఉన్నాయి. వాటిని చూడడానికి పావుగంట చాలు. మిగిలిన సమయమంతా గోడల బొమ్మలకు కేటాయించండి. రాజు పడకగదిలో దశరథుని యాగం మొదలు రాముడు అయోధ్యకు మరలి వచ్చే వరకు రామాయణ కథ గోడల నిండుగా ఉన్నది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, దీపపు మసి నలుపు. ఖాళీ అన్నదే లేకుండ మనుషులు, కోతులు, ఏనుగులు, చెట్లు కిక్కిరిసి ఉంటాయి. మొదట కన్ను తిరుగుతుంది. ఐదు నిమిషాలు ఒకే చోట నిలబడితే కథ విడివడడం ఆరంభమవుతుంది. క్రింది గదులలో గోవర్ధనోద్ధారణ, శివుడు, మోహిని. కొన్ని బొమ్మలు గీతల దశలోనే ఆగిపోయాయి, రంగు నింపలేదు. ఆ అసంపూర్ణమైన గోడ దగ్గరే నేను ఎక్కువసేపు నిలబడతాను. చిత్రకారుని చేయి ఎలా కదిలిందో అక్కడ తెలుస్తుంది. లేపాక్షి కప్పుల క్రింద మెడ నొప్పి పుట్టేదాకా నిలబడినవారికి ఈ బొమ్మలు వేరొక పాఠశాలవని వెంటనే స్ఫురిస్తుంది. అక్కడ ఒంపులేని పక్కచూపు ముఖాలు. ఇక్కడ నిండు బుగ్గలు, బరువైన కిరీటాలు.

ఈ రాజభవనం గోడకు దాదాపు ఆనుకొని యూదుల వీధి మొదలవుతుంది. ఇక్కడే మన మూడు ప్రశ్నలు అసలు పరీక్షకు వస్తాయి.

పరదేశి సినగాగు 1568లో కట్టబడింది. కొడుంగల్లూరు ప్రాంతంలో కలతలు చెలరేగి, పోర్చుగీసువారి ఒత్తిడి పెరిగి, యూదులు కొచ్చికి వచ్చినపుడు రాజు తన భవనం పక్కనే స్థలం ఇచ్చాడు. స్థలం ఇవ్వడం గొప్ప కాదు. పక్కనే ఇవ్వడం గొప్ప. ఆ వీధిపై చేయి వేయాలంటే రాజుగారి గుమ్మం దాటవలసిందే. అయినప్పటికీ 1662లో డచ్చివారితో యుద్ధ సమయాన పోర్చుగీసువారు ఈ మందిరాన్ని తగులబెట్టారు. అందులోని పత్రాలు, గ్రంథాలు నశించాయి. డచ్చివారు వచ్చిన తరువాత మరల కట్టుకున్నారు. 1760లో ఎజికియేలు రాహబి అనే వర్తక ప్రముఖుడు గడియారపు గోపురం కట్టించాడు. దాని ముఖాలలో ఒకదానిపై హీబ్రూ అంకెలు, ఒకదానిపై మలయాళ అంకెలు, ఒకదానిపై రోమను అంకెలు ఉన్నాయి. లోపలి నేలంతా చీనా దేశం నుంచి వచ్చిన నీలి, తెలుపు పలకలు. పైన బెల్జియం గాజు దీపాలు. ఏ రెండు పలకలూ ఒకే విధంగా ఉండవని గైడులు చెబుతారు. చేతితో చిత్రించినవి గనుక ఆ మాటలో కొంత నిజముండక తప్పదు.

ఆ పలకలపై మీరు నడిచేది ఉత్తపాదాలతో. చెప్పులు వెలుపల విడవాలి. ప్రపంచంలో మరే దేశపు యూదుల ప్రార్థనాలయంలోనూ సాధారణంగా కనిపించని ఆచారమిది. దీనిని ఏ రాజూ శాసించలేదు. చుట్టుపక్కల గుడిలోను, మసీదులోను జనం చెప్పులు విడిచి పోవడం తరతరాలుగా చూసినవారి పాదాలు వాటంతటవే నేర్చుకున్నాయి.

ఈ సమాజం ప్రాణప్రదంగా కాపాడుకున్న వస్తువు రాగిరేకులు. సుమారు క్రీ.శ. 1000లో భాస్కర రవివర్మ అనే చేర చక్రవర్తి జోసెఫ్ రబ్బాన్ అనే యూదు ప్రముఖునకు ఇచ్చిన శాసనం అది. ఆనాటి మలయాళ భాష, వట్టెళుత్తు లిపి. సుంకాల మినహాయింపు, పల్లకి, గొడుగు, పగటి దీపం మొదలైన డెబ్బదిరెండు హక్కులు అందులో ఉన్నాయి. పైగా ఆ హక్కులు సంతతికి కూడ చెందుతాయని స్పష్టంగా చెక్కారు. శాసనాలు చదవడం అభ్యసిస్తున్న విద్యార్థులకు ఒక మాట. మన రాజుల శాసనాలలో గుడికి, బ్రాహ్మణునికి, సైనికునికి ఇచ్చిన దానాలు అనేకం చదివాము. సముద్రం దాటి వచ్చిన వర్తకునికి రాజలాంఛనాలు ఇచ్చిన శాసనం పట్ల ప్రత్యేక శ్రద్ధ చూపండి.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే నేను మీకు సగం కథే చెప్పినవాణ్ణవుతాను. ఆ పలకలపై అందరికీ సమానంగా చోటు ఉండేది కాదు. ఆ సమాజంలోనే, దాస్యం నుంచి విముక్తులైన వారి సంతతివారిని ప్రధాన మందిరంలో బెంచీలపై కూర్చోనివ్వక, వెలుపలి గదికి పరిమితం చేశారు. ఆ వర్గంలో పుట్టిన ఎ.బి. సేలం (1882-1967) న్యాయవాది అయి, కొచ్చి శాసనసభలో సభ్యుడై, తన ప్రార్థనాలయం ముందే సత్యాగ్రహం చేశాడు. గాంధీజీ ఆయుధాన్ని తన మతస్థుల మీదనే ప్రయోగించాడు. ఏళ్ళు పట్టింది గాని ఆ భేదాలు క్రమంగా సడలాయి. రాజు పక్కన చోటిచ్చిన ఊరిలోనే పక్కన కూర్చోనివ్వని బెంచీ ఉండేదన్న సంగతిని గైడు చెప్పకపోవచ్చు; మీరు అడగండి.

1968 డిసెంబరులో ఈ మందిరపు నాలుగు శతాబ్దుల ఉత్సవానికి ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ హాజరయ్యారు; తపాలా శాఖ స్టాంపు వెలువరించింది. కాని అప్పటికే ఆ వీధిలోని ఇళ్ళు ఖాళీ కాసాగాయి. 1948లో ఇస్రాయేలు దేశం ఏర్పడిన తరువాత, 1950 దశకంలో కొచ్చి యూదులలో అత్యధికులు అక్కడికి తరలిపోయారు. ఎవరూ వెళ్ళగొట్టలేదు. తమ పవిత్రభూమి అని వెళ్ళారు; కంట తడిపెట్టుకొని వెళ్ళారు. నేడు ఆ వీధిలో మిగిలిన యూదులను వేళ్ళమీద లెక్కించవచ్చు. ఇళ్ళు పురాతన వస్తువుల దుకాణాలైనాయి.

పరదేశి సినగాగు మాత్రం చెక్కుచెదరక ఉన్నది. అదే మట్టాంచేరిలో, అంతే ప్రాచీనమైన కడవుంభాగం సినగాగు సంగతి వినండి. అది మలబారు యూదులది, 16వ శతాబ్దపు కట్టడం. సమాజం వెళ్ళిపోయిన తరువాత కట్టడం అమ్ముడుపోయింది. కొబ్బరి పీచు సరకు నింపే గిడ్డంగి అయింది. చెక్కడపు పనితో కూడిన దాని లోపలి దారు నిర్మాణాన్ని 1990 దశకంలో జెరూసలేములోని ఇస్రాయేలు మ్యూజియంవారు సంపాదించి, రంగులు శుభ్రపరచి, అక్కడ నిలబెట్టారు. ఇక్కడ గోడలు మిగిలాయి. 2019 సెప్టెంబరులో వర్షాలకు అందులో చాలా భాగం కూలిపోయింది. కప్పు ఒక ఖండపు కొసన అద్దాల భవనంలో భద్రంగా ఉన్నది, గోడలు మట్టాంచేరి బురదలో పడ్డాయి. దాని ముందు నిలబడి మన మూడవ ప్రశ్న వేస్తే జవాబు చెప్పేవారు లేరు.

ఈ దృశ్యం నన్ను చాలా రోజులు బాధించింది. స్మారక కట్టడాన్ని కాపాడేది సున్నమూ ఇటుకా కాదు. దానిని తమదిగా భావించే మనుషులు ఉన్నంతకాలం అది నిలుస్తుంది. ఆ మనుషులు వెళ్ళిపోయినపుడు పొరుగువారు దానిని తమదనుకోవాలి, లేదా ప్రభుత్వం తమదనుకోవాలి. పరవూరులోను, చేందమంగలంలోను ఉన్న సినగాగులను రాష్ట్ర ప్రభుత్వం పునరుద్ధరించి మ్యూజియంలుగా నడుపుతున్నది. వీలైతే ఒకటైనా చూడండి. యూదులు లేని ఊరిలో యూదుల గుడిని ప్రతి ఉదయం తాళం తీసి తుడిచేది ఇతర మతస్థులైన ఉద్యోగులే.

కొచ్చిలో ఒక స్మారకం రాతితో కట్టినది కాదు, కాగితాలమీద ఉన్నది. వాన్ రీడ్ అనే డచ్చి అధికారి 1670 దశకంలో కొచ్చిని పాలిస్తూ మలబారు మొక్కల గురించి ఒక మహాగ్రంథం తయారుచేయించాడు. హోర్తుస్ మలబారికుస్ అనే పేరుతో 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డాములో 12 సంపుటాలుగా అచ్చయింది. సుమారు 740 మొక్కల వర్ణన అందులో ఉన్నది. ఆ విజ్ఞానం వాన్ రీడుది కాదు. ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడు తన కుటుంబపు తాళపత్రాలలోనిది చెప్పాడు. రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అనే కొంకణీ పండితులు తమ నిఘంటువు నుంచి చెప్పారు. ఒక కేథలిక్కు సన్యాసి తోడ్పడ్డాడు. ప్రొటెస్టెంటు అధికారి ఖర్చు భరించాడు. ఆ కాలపు కుల నియమాల ప్రకారం వైద్యుడూ, భట్టులూ ఒక పంక్తిలో కూర్చుండేవారు కారు. ఆ పుస్తకపు మొదటి సంపుటంలో మాత్రం వారి ప్రమాణపత్రాలు వారివారి లిపులలోనే పక్కపక్కన అచ్చయ్యాయి. లాటిను భాషలో ఉండి మూడు శతాబ్దులు మలయాళీలకే అందని ఆ గ్రంథాన్ని వృక్షశాస్త్రవేత్త కె.ఎస్. మణిలాల్ దశాబ్దాలు శ్రమించి 2003లో ఆంగ్లంలోకి, 2008లో మలయాళంలోకి తెచ్చారు. మీ గ్రంథాలయానికి తెప్పించుకోవలసిన పుస్తకం అది.

సమయం మించిపోతున్నది. త్రిప్పూణిత్తురలోని హిల్ ప్యాలెస్ మ్యూజియం గురించి ఒక్క మాట. 1865లో ఆరంభమైన ఆ భవన సముదాయం కొచ్చి రాజుల నివాసం; తరువాత మ్యూజియం అయింది. అక్కడి బంగారు కిరీటం పోర్చుగీసువారు ఇచ్చినదని, కొచ్చి రాజులు దానిని ఎన్నడూ తలపై ధరించక ఒడిలో మాత్రమే ఉంచుకునేవారని చెబుతారు. కారణాలు నానా విధాలుగా చెబుతారు; నాకైతే ఆ దృశ్యమే చాలును.

తిరుగు ప్రయాణంలో పడవ ఎక్కి విల్లింగ్‌డన్ ద్వీపం పక్కగా రండి. ఆ ద్వీపంలో అధిక భాగం ప్రకృతి ఇచ్చినది కాదు. 1341 వరద తెరిచిన రేవు ముఖానికి అడ్డంగా గట్టి ఇసుక తిప్ప ఉండడం వలన పెద్ద ఓడలు వెలుపలే లంగరు వేయవలసి వచ్చేది. రాబర్టు బ్రిస్టో అనే ఇంజనీరు పర్యవేక్షణలో ఆ తిప్పను త్రవ్వి, తీసిన మన్నుతోనే ద్వీపాన్ని నింపారు. 1928 మే 26న పద్మ అనే ఓడ లోపలి రేవులో ప్రవేశించింది. నది ఆరువందల ఏళ్ళ క్రితం మొదలుపెట్టిన పనిని మనుషులు పూర్తిచేశారనుకోవచ్చు. పడవలో మీ పక్కన కూర్చున్నవారు ఏ భాష మాట్లాడుతున్నారో చెవి యొగ్గి వినండి. అలమర, బాల్చీ, మేస్త్రి, బొత్తాము వంటి మాటలలో ఏదో ఒకటి మీకు తప్పక వినిపిస్తుంది. అవి వారివీ కావు, మనవీ కావు. పోర్చుగీసు ఓడలలో దిగినవి. ఇప్పుడు వాటిని వెనుకకు పంపడం ఎవరి తరమూ కాదు.

మీ యాత్ర కార్యక్రమం కాగితాన్ని ఇప్పుడే చూశాను. మట్టాంచేరికి గురువారం అని రాసి ఉన్నది. రైలు ఆలస్యమైనా సరే, అది శుక్రవారానికి జారకుండ మాత్రం చూసుకోండి. సెలవు.